రాళ్లెక్కే బుల్లి ట్రక్కు: ఎనిమిది లింకుల లెక్క

రాక్ క్రాలర్‌కు వేగంతో పని లేదు. చేతిలోని రిమోట్‌తో నడిచే ఈ బుల్లి ట్రక్కు తన టైరంత ఎత్తున్న బండరాళ్లను బోల్తా పడకుండా, అడుగు తీసి అడుగు వేసినట్టు నిదానంగా ఎక్కి దిగాలి. వీటిలో బాగా వాడుకలో ఉన్నవి అసలు వాహనంలో పదో వంతు కొలతవి. యాక్సియల్ సంస్థ తయారుచేసిన ఎస్‌సీఎక్స్10-2 బండినే చూస్తే, ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 313 మిల్లీమీటర్లు. ఈ తరగతి బండ్ల తూకం ఇంచుమించు రెండున్నర, మూడు కిలోలు. టైరు ఎత్తు 110 నుంచి 120 మిల్లీమీటర్లు. కొత్తగా కొన్నవాళ్ల చూపు ముందుగా మోటారు మీదా టైర్ల మీదా పడుతుంది. అవీ ముఖ్యమే. కానీ వాలు ఎక్కేటప్పుడు బండి ముక్కు లేస్తుందా, వెనక భాగం కుంగుతుందా, ఒక చక్రం గుంటలో దిగితే బండి దారి తప్పుతుందా అన్నవి చాలావరకు తేల్చేది ఇరుసుల్ని ఛాసిస్‌కు కలిపే సన్నటి కడ్డీలు. వీటినే లింకులంటారు. సాధారణంగా ఇరుసుకు నాలుగు చొప్పున బండికి ఎనిమిది ఉంటాయి.

క్రాలర్‌లో ఇరుసు మొత్తం ఒకటే దిమ్మ. రెండు చివర్లా చక్రాలు, మధ్యలో గేర్లు దాగిన ఉబ్బు, అన్నిటినీ మోసే హౌసింగ్. పాత జీపుల్లోనూ ఇరుసు ఇలాంటిదే. అయితే వాటిలో బరువు మోసే పనీ, ఇరుసును కదలకుండా పట్టి ఉంచే పనీ రెండూ కమాను పట్టీలవే. ఇంజను ఇరుసును గట్టిగా తిప్పితే ఆ పట్టీలు ఎస్ అక్షరంలా మెలికపడతాయి. జీప్ రాంగ్లర్ 1997 మోడల్‌తో కమాను పట్టీల్ని వదిలి చుట్ట స్ప్రింగులకు మారింది. చుట్ట స్ప్రింగు బరువు మోస్తుంది గానీ ఇరుసును ముందుకో వెనక్కో పోకుండా ఆపలేదు. ఆ బాధ్యత లింకులకు వచ్చింది. కాలిఫోర్నియాలోని రూబికాన్ దారి, యూటాలోని మోయాబ్ బండలు ఎక్కడానికి జీపుల్ని మార్చుకున్నవాళ్లు లింకుల పొడవు, వాలు, తగిలించే చోటు మార్చి చూసి తెలుసుకున్న లెక్కే బుల్లి బండ్లకూ వర్తిస్తుంది. రిమోట్ బండ్ల వైపు చూస్తే, తమియా 1987లో తెచ్చిన క్లాడ్ బస్టర్ అనే మాన్‌స్టర్ ట్రక్కు ఇరుసుల్ని విప్పి, సొంతంగా కోసుకున్న ఛాసిస్‌లకు బిగించి తొలితరం క్రాలర్లను చేసుకున్న అభిరుచిపరులు చాలామంది.

ఒక్కో ఇరుసుకు కింద రెండు, పైన రెండు లింకులు. కింది లింకులు ఇరుసు చివర్ల దగ్గర మొదలై బండి పొట్టను కాపాడే, మధ్యలోని స్కిడ్ ప్లేటు దాకా వస్తాయి. పై లింకులు ఇరుసు మధ్య ఉబ్బు మీద నుంచి ఛాసిస్ పట్టాల దాకా వెళ్తాయి. లింకు రెండు కొసల్లోనూ రాడ్ ఎండ్ ఉంటుంది. దాని లోపలి చిన్న గోళం ఎటైనా తిరుగుతుంది కాబట్టి లింకు వంగే భారం మోయదు. తన పొడవు వెంట తొయ్యడం, లాగడం మాత్రమే చేస్తుంది. అందువల్ల లెక్కలోకి వచ్చేది రెండు గోళాల నడిబిందువుల్ని కలిపే సరళరేఖ ఒక్కటే. రాయి తగలకుండా మధ్యలో పైకి వంచిన లింకులు అంగట్లో దొరుకుతాయి. ఆ వంపు రాయిని తప్పిస్తుంది గానీ జ్యామితిని వెంట్రుకవాసి కూడా మార్చదు. అల్యూమినియం వాడినా, ఉక్కు వాడినా, టైటానియం వాడినా అంతే. బరువులోనూ బలంలోనూ తేడా ఉంటుంది తప్ప బండి నడవడిలో రాదు.

లింకుల మీద పడే బలం ఎలాంటిదో తెలియాలంటే ఎడ్లబండిని గుర్తు చేసుకోవచ్చు. ఎద్దులు కాడిని లాగుతాయి, బండి కదులుతుంది, చక్రం దానంతట అది దొర్లుతుంది. ఇరుసును మెలితిప్పే శక్తి ఏదీ లేదు. క్రాలర్‌లో సంగతి వేరు. ఇక్కడ చక్రాన్ని తిప్పేది ఇరుసు లోపలి గేరు. చక్రం ముందుకు తిరగాలని చూస్తే, దాన్ని తిప్పుతున్న హౌసింగ్ వెనక్కి తిరగాలని చూస్తుంది. దాన్ని తిరగనివ్వకుండా పట్టుకునేవి పై లింకులూ కింది లింకులూ కలిసి.

వెనక ఇరుసుకు అంకెలు వేసి చూస్తే విషయం కళ్లకు కడుతుంది. కింది లింకు ఇరుసు కొస నేలకు 50 మిల్లీమీటర్ల ఎత్తున, పై లింకు కొస 90 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నాయనుకుందాం. మధ్య ఎడం 40. టైరు నేలను ఒక కిలో బలంతో తన్నుతోంది. అప్పుడు ఇరుసు మెలి తిరగకుండా ఉండాలంటే పై లింకుల జత ఒకటింపావు కిలో బలంతో ఛాసిస్‌ను వెనక్కి లాగాలి, కింది జత రెండుంపావు కిలోల బలంతో ముందుకు తొయ్యాలి. రెండిటికీ తేడా సరిగ్గా ఒక కిలో. బండిని నడిపేది ఆ కిలోయే. ఎడాన్ని 40 నుంచి 20కి తగ్గిస్తే పై జత మీద రెండున్నర కిలోలు, కింది జత మీద మూడున్నర కిలోలు పడతాయి. నడక అదే, లింకుల మీద ఒత్తిడి మాత్రం చాలా పెరిగింది. ప్లాస్టిక్ రాడ్ ఎండ్లు ఊడిపోతున్నాయని మాటిమాటికీ కొత్తవి కొనేవాళ్లు ముందుగా కొలవాల్సింది ఈ ఎడాన్నే. ఇరుసు దగ్గర ఎంత ఎక్కువ ఎడం ఇస్తే అంత మేలు.

లింకులు నేలకు సమాంతరంగా ఉంటే ఈ బలాలన్నీ అడ్డంగానే పోతాయి. వాలుగా ఉంటే కొంత నిలువుగా మళ్లుతుంది. పై ఉదాహరణలో కింది లింకు 120 మిల్లీమీటర్ల దూరం పోయేసరికి 16 మిల్లీమీటర్లు లేచి ఛాసిస్‌ను చేరుతోంది, పై లింకు అదే దూరంలో 8 లేస్తోంది అనుకుందాం. కింది లింకు తోపు ఛాసిస్‌ను పైకెత్తుతుంది: కిలో ఈడ్పుకు 300 గ్రాములు. పై లింకు లాగుడు కిందికి గుంజుతుంది: సుమారు 83 గ్రాములు. నికరంగా బండి వెనక భాగం 217 గ్రాముల బలంతో పైకి లేస్తుంది. మరోవైపు ఇదే కిలో ఈడ్పు వల్ల బరువు ముందు నుంచి వెనక్కి ఒరిగి వెనక భాగాన్ని కుంగదీయాలని చూస్తుంది. బండి బరువంతా ఒకచోట చేరినట్టు లెక్కగట్టే గరిమనాభి నేలకు 85 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటే, 313 మిల్లీమీటర్ల బండిలో ఆ ఒరిగే బరువు 272 గ్రాములు. కుంగదీసేది 272, ఎత్తేది 217. అంటే కుంగుదలలో 80 శాతాన్ని లింకులే ఆపుతున్నాయి, మిగతాదే స్ప్రింగు మోయాలి. ఈ 80 శాతానికే యాంటీ-స్క్వాట్ అని పేరు.

దీన్ని కాగితం మీద గీసి కూడా కనుక్కోవచ్చు. పక్క నుంచి చూసినట్టు పై లింకు గీతనూ కింది లింకు గీతనూ ముందుకు పొడిగిస్తే అవి ఒకచోట కలుస్తాయి. దాన్ని ఇన్‌స్టంట్ సెంటర్ అంటారు. పై కొలతలకు అది ఇరుసుకు 600 మిల్లీమీటర్ల ముందు, నేలకు 130 ఎత్తున పడుతుంది. వెనక టైరు నేలను తాకే చోటు నుంచి అక్కడికి గీత గీసి, ఆ గీత ముందు ఇరుసు దగ్గర ఎంత ఎత్తులో ఉందో కొలవాలి. ఇక్కడ 68 మిల్లీమీటర్లు. గరిమనాభి ఎత్తు 85లో అది 80 శాతం. రెండు దారుల్లోనూ జవాబు ఒకటే.

చాలా బండ్లలో పై లింకు తగిలించడానికి ఛాసిస్ మీద ఒకదాని కింద ఒకటిగా రెండు మూడు రంధ్రాలు ఇస్తారు. పై ఉదాహరణలో ఆ కొసను 8 మిల్లీమీటర్లు దించి కింది రంధ్రంలో బిగిస్తే పై లింకు నేలకు సమాంతరమవుతుంది. కిందికి గుంజే 83 గ్రాములు మాయం. ఎత్తే బలం 300 గ్రాములైంది, యాంటీ-స్క్వాట్ 110 శాతానికి పోయింది. చిటికెన వేలి గోరంత మార్పు! వైపుకో స్క్రూ విప్పి బిగించినందుకు బండి కుంగడం మానేసి వెనక భాగాన్ని ఎత్తడం మొదలుపెడుతుంది. ఈ శాతం మరీ ఎక్కువైతే ఇంకో చిక్కు. థ్రాటిల్ ఇవ్వగానే వెనక భాగం లేస్తుంది, ఆ క్షణంలో టైరు నేలకు గట్టిగా నొక్కుకుంటుంది. టైరు జారగానే బలం తగ్గి బండి కిందికి పడుతుంది, మళ్లీ పట్టు దొరికి లేస్తుంది. నిటారు బండ మీద బండి కప్పలా గెంతడానికి తరచు కారణం ఇదే.

ఈ శాతాల్ని వేదవాక్కులా పట్టుకోకూడదు. పై లెక్క వెనక చక్రాలే బండిని నెడుతున్నాయని అనుకుని వేసింది. క్రాలర్‌లో నాలుగు చక్రాలూ లాగుతాయి. ఈడ్పు ముందూ వెనకా సగం సగం పంచుకుంటే వెనక లింకుల ఎత్తుడూ సగమే, 80 శాతం కాస్తా 40 అవుతుంది. బాగా నిటారైన వాలు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి చేరి వెనక చక్రాలే ఎక్కువ పని చేస్తాయి కాబట్టి అంకె మళ్లీ 80 వైపు పోతుంది. అందుకే ఒక అమరికను మరో అమరికతో పోల్చుకోవడానికి ఈ అంకె పనికొస్తుంది. ఇంతే ఉండాలని గిరి గీయడానికి పనికిరాదు.

ఇంకో పొరపాటు అభిప్రాయం కూడా ఉంది, లింకులు టైరు మీద బరువు పెంచుతాయని. బండి నిలకడగా పాకుతున్నప్పుడు ఏ ఇరుసు మీద ఎంత బరువు పడాలో తేల్చేది గరిమనాభి చోటు, నేల వాలు, ఇరుసుల మధ్య దూరం. లింకులు చేసేది బండి ఏ భంగిమలో నిలవాలో తేల్చడం. అయితే భంగిమ మారితే గరిమనాభి చోటూ మారుతుంది, లింకుల బలమంతా అక్కడే ఉంది. బరువులో 55 శాతం ముందు ఇరుసు మీద ఉండి, గరిమనాభి 85 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్న బండి దాదాపు 64 డిగ్రీల వాలు దాకా వెనక్కి తిరగబడదు. అదే నాభి 15 మిల్లీమీటర్లు పైకి పోతే 60 డిగ్రీలకే తిరగబడుతుంది. ముందు ఇరుసు మీద ఇత్తడి భాగాలు బిగించి బరువును కిందికీ ముందుకీ తెచ్చుకునేది ఇందుకే.

ముందు ఇరుసుకు ఇదే లెక్క తిరగేసి వస్తుంది. అక్కడ ఇరుసు ఛాసిస్‌ను ముందుకు లాగుతుంది. కింది లింకుల్లో లాగుడు, పై లింకుల్లో తోపు. కింది లింకు ఛాసిస్ వైపు లేచి ఉంటే ఆ లాగుడు ముక్కును కిందికి గుంజుతుంది. అవే కొలతలు ముందుకూ వాడితే ముందు చక్రాల ఒక్కో కిలో ఈడ్పుకు ముక్కు 217 గ్రాముల బలంతో దిగుతుంది. వాలు ఎక్కేటప్పుడు లేవబోయే ముక్కును అణచిపెట్టడానికి ఇంతకన్నా మంచి సాయం లేదు. దిగేటప్పుడు మోటారు బ్రేకు పట్టి ఉంచితే బలాలన్నీ తారుమారై, అదే వాలు ముక్కు కుంగకుండా ఎత్తి పట్టుకుంటుంది, లేవబోయే వెనక భాగాన్ని కిందికి లాగుతుంది.

అన్ని విధాలా మేలైతే కింది లింకుల్ని మరింత నిటారుగా పెట్టెయ్యొచ్చు కదా? అక్కడే ఇబ్బంది వస్తుంది. ఎడమ చక్రం గుంటలో దిగి అటు లింకు ఇరుసు కొస 25 మిల్లీమీటర్లు కిందికి, కుడి చక్రం రాయి మీద లేచి ఇటు కొస అంతే పైకి పోయాయనుకుందాం. లింకు పొడవు మారదు. దిగిన వైపు లింకు మరింత నిటారై ఇరుసు కొసను 6 మిల్లీమీటర్ల మేర ఛాసిస్ వైపు లాగేస్తుంది. లేచిన వైపు లింకు దాదాపు సమాంతరమై ఆ కొసను కొద్దిగా వెనక్కి నెడుతుంది. రెండు లింకుల మధ్య ఎడం 90 మిల్లీమీటర్లయితే ఇరుసు నాలుగు డిగ్రీలకు పైగా వంకర తిరిగినట్టు. స్టీరింగ్ తిన్నగా పట్టినా వెనక ఇరుసు తన దారిన బండిని మళ్లిస్తుంది. ఇరుకైన గేట్ల మధ్య నుంచి తాకకుండా పోవాల్సిన పోటీలో ఆ నాలుగు డిగ్రీలు చాలు గేటు తాకడానికి. కింది లింకులు సమాంతరంగా ఉంటే రెండు కొసలూ సమానంగా లోపలికి వస్తాయి, ఇరుసు వంకర పోదు. లింకులు పొడవుగా ఉన్నా ఈ దోషం తగ్గుతుంది. కాబట్టి వెనక కింది లింకుల్ని వీలైనంత పొడవుగా, వాలు తక్కువగా పెట్టుకుని, కావాల్సిన యాంటీ-స్క్వాట్‌ను పై లింకు రంధ్రాలతో సర్దుకోవడమే తెలివైన పద్ధతి.

ఇరుసు పక్కలకు జారకుండా ఆపడం ఇంకో పని. దీనికి రెండు మార్గాలున్నాయి. మొదటిది పై లింకులు రెండిటినీ ఇరుసు దగ్గర కలిసేలా, ఛాసిస్ దగ్గర విడిపోయేలా త్రిభుజంలా పెట్టడం. ఎంత విశాలంగా విచ్చుకుంటే అంత గట్టి పట్టు. అవి కలిసే చోటు చుట్టూనే బండి పక్కలకు ఒరుగుతుంది. ఆ చోటు 90 మిల్లీమీటర్ల ఎత్తున, గరిమనాభి 85 ఎత్తున ఉంటే ఒరిగించే బలానికి పట్టు దొరకదు, పక్కవాలులో బండి నిలకడగా ఉంటుంది. రెండో మార్గం పాన్‌హార్డ్ రాడ్: ఇరుసు ఒక పక్క నుంచి ఛాసిస్ రెండో పక్కకు అడ్డంగా బిగించే కడ్డీ. స్టీరింగ్ సర్వో మోటారును అసలు జీపులో లాగా ఛాసిస్ మీద పెట్టిన బండ్లలో ముందు ఇరుసుకు ఇది తప్పనిసరి. సర్వో నుంచి చక్రానికి పోయే స్టీరింగ్ కడ్డీ, పాన్‌హార్డ్ రాడ్ ఒకదానికొకటి సమాంతరంగా, ఒకే పొడవుతో ఉండాలి. లేకుంటే చక్రం ఎత్తులో కదిలినప్పుడల్లా స్టీరింగ్ దానంతట అది తిరుగుతుంది. పాన్‌హార్డ్ రాడ్ చాపం గీస్తూ కదులుతుంది కాబట్టి ఇరుసు కొంచెం పక్కకు జరగడం ఎలాగూ ఉంటుంది. 90 మిల్లీమీటర్ల కడ్డీకి 20 మిల్లీమీటర్ల కదలికలో ఆ జరుగుడు 2 మిల్లీమీటర్ల పైచిలుకు. దాన్ని ఓర్చుకోవచ్చు.

లింకుల తప్పు కానిదాన్ని లింకుల మీద వేయడం కూడా మామూలే. థ్రాటిల్ ఇవ్వగానే బండి ఒక పక్కకే ఒరిగితే అది టార్క్ ట్విస్ట్. మధ్య గేర్‌బాక్సు నుంచి ఇరుసుకు పోయే డ్రైవ్‌షాఫ్ట్ ఒక వైపు మెలితిప్పుతుంటే ఛాసిస్ రెండో వైపు ఒరుగుతుంది. యాంటీ-స్క్వాట్ ఎంత మార్చినా అది పోదు. ట్రాక్సాస్ 2017లో తెచ్చిన టీఆర్‌ఎక్స్-4లోని పోర్టల్ ఇరుసుల్లో చక్రం దగ్గరే ఇంకో జత గేర్లుంటాయి. చివరి తగ్గింపు అక్కడ జరుగుతుంది కాబట్టి డ్రైవ్‌షాఫ్ట్ మోసే మెలి తగ్గి ఒరుగుడూ తగ్గుతుంది. క్లాడ్ బస్టర్ తరహాలో మోటారు ఇరుసు మీదే కూర్చుంటే డ్రైవ్‌షాఫ్టే ఉండదు, ఒరుగుడూ ఉండదు. కానీ ఆ ఇరుసుల్లోనూ, పోర్టల్ ఇరుసుల్లోనూ హౌసింగ్‌ను వెనక్కి తిప్పే బలం మాత్రం తగ్గదు. లింకులు దాన్ని మోయాల్సిందే.

పై లింకు పొడవు మార్చితే ఇరుసు ముక్కు, అంటే డ్రైవ్‌షాఫ్ట్ వచ్చి తగిలే పినియన్, పైకో కిందికో తిరుగుతుంది. అది గేర్‌బాక్సు వైపు చూస్తుంటే షాఫ్ట్ జాయింట్లు తేలిగ్గా తిరుగుతాయి. ముందు ఇరుసులో మాత్రం దీనివల్ల చక్రాలు స్టీరింగ్‌కు తిరిగే అక్షం వాలు కూడా మారుతుంది. పినియన్ లేపితే ఆ వాలు తగ్గి, వదిలితే తిన్నగా వచ్చే గుణం చక్రాలకు పోతుంది. చక్రాల దగ్గరి హబ్బుల్ని విడిగా తిప్పి బిగించుకునే వీలున్న ఇరుసుల్లో ఈ రెంటినీ వేరువేరుగా సర్దుకోవచ్చు. లేనివాటిలో ఏదో ఒకదాని దగ్గర రాజీ పడాలి.

బండి పొట్ట రాయి మీద ఆనకుండా స్కిడ్ ప్లేటును పైకి లేపితే కింది లింకుల వాలు పెరుగుతుంది. దాంతో పైన చెప్పిన లెక్కలన్నీ కదులుతాయి. స్కిడ్ లేపిన రోజునే పై లింకు రంధ్రాన్నీ తిరిగి చూసుకోవాలి. లింకుల వాలు ఎక్కువైపోతే వంచిన లింకులు వాడి స్కిడ్‌ను కొంచెం దించుకోవడం మంచిది. వంచిన లింకు గోళాల మధ్య గిర్రున తిరిగి వంపు కిందికి రాకుండా ఒక కొసనైనా బిగువుగా పట్టే ఏర్పాటు ఉండాలి.

అమరిక సరిచూడడం స్ప్రింగుల్ని తీసేసి మొదలవుతుంది. ఖాళీ షాకుల మీద ఇరుసును చేత్తో అడుగు దాకా దించి, పూర్తిగా పైకి నొక్కి, ఆ తర్వాత ఒక చక్రాన్ని పైకి, రెండోదాన్ని కిందికి కదిపి చూస్తారు. డ్రైవ్‌షాఫ్ట్ ఎక్కడైనా ఊడుతుందా, జాయింటు పట్టేస్తుందా, టైరు లింకుకు రాసుకుంటుందా, రాడ్ ఎండ్ గోళం తన గూట్లో వాలి ఆగిపోతుందా అన్నది అప్పుడే తెలుస్తుంది. తర్వాత స్ప్రింగులు పెట్టి, బ్యాటరీతో సహా బండిని నేల మీద నిలిపి నాలుగు కొలతలు రాసుకోవాలి: ఇరుసు దగ్గర పై, కింది కొసల ఎత్తులు, ఛాసిస్ దగ్గర వాటి ఎత్తులు. ఒక గరుకు చెక్క పలకను గోడకు ఆనించి, రోజూ అదే వాలులో అదే పలక మీద ఎక్కించి చూస్తూ, ఒక్కో రంధ్రమే మారుస్తూ పోవాలి. రెండు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో చెప్పలేం. వెనక పై లింకుతో మొదలుపెట్టి, ముక్కు లేవడం ఆగాక ముందు లింకులకు వెళ్లాలి. షాకుల స్ప్రింగూ, ఆయిలూ మార్చాల్సింది ఆ తర్వాతే.